పోలికలో దొరికే మనిషి

(ఖరగ్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సాహిత్యం మీద ఎవరైనా మాట్లాడాలని కార్యవర్గం వారు అనుకున్నారట. ఆ భారం నా మీద పడింది. నేను పండితుణ్ణి కాను. ఇంటర్మీడియట్ చదివి, పదాతిదళంలో చేరి, ఇరవై ఎనిమిదేళ్లు సర్వీసు చేసి సుబేదారుగా ఇంటికొచ్చినవాణ్ణి. ట్రంకు పెట్టెలో యూనిఫాం కింద ఎప్పుడూ ఒక తెలుగు పుస్తకం ఉండేది, అంతే నా అర్హత. కనుక నాకు తెలిసిన ఒక్క విషయమే చెప్తాను: మనిషి దేన్ని దేనితో పోలుస్తాడో వింటే, ఆ మనిషెవరో తెలుస్తుంది.

ఇంటర్మీడియట్‌లో మా తెలుగు మాస్టారు ఉపమాలంకారం చెప్తూ నల్లబల్ల మీద నాలుగు మాటలు రాశారు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది అన్నామంటే ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, లా అన్నది ఉపమావాచకం. ఆ 'లా' కూడా తీసేసి ముఖమే చంద్రుడు అనేస్తే రూపకం. పరీక్షకి ఇంతవరకూ చాలు. కాని ఇందులో అయిదోది ఒకటుంది. పోల్చేవాడు! వాడి సంగతి నల్లబల్ల మీద లేదు.

మన ఇళ్లలోంచే చెప్తాను. మా నాన్న ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. మా అమ్మ శ్రీకాకుళం దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక ఈ ఊరొచ్చింది. నేను చిన్నప్పుడు చెప్పిన మాట వినేవాణ్ణి కాదు. అది చూసి నాన్న, "వీడు సిగ్నలు చూడకుండా పోయే బండిరా" అనేవాడు. అమ్మేమో, "కట్టుతాడు తెంపుకున్న దూడ" అనేది. కుర్రాడు ఒక్కడే, పోలికలు రెండు. నాన్న మాటలో గుద్దుకుంటాడన్న భయం ఉంది, అమ్మ మాటలో సాయంత్రానికి ఇంటికొస్తాడన్న నమ్మకం ఉంది. వర్క్‌షాపులో ప్రమాదాలు చూసినాయన ఒకరు, పశువుల శాలలో పెరిగినావిడ ఒకరు. నా గురించి ఆ రెండు మాటలూ చెప్పింది తక్కువ, వాళ్లిద్దరి గురించి చెప్పింది ఎక్కువ.

మన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఇంకో పోలిక ఉంది. ఎవరైనా ఉపన్యాసం సాగదీస్తే "మన ప్లాట్‌ఫారం అంత పొడుగు" అంటాం. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం మనది. ఎన్నో ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని దాటింది, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌ని దాటింది. రికార్డు పోయింది గాని మన నోట్లో పోలిక పోలేదు. నేను కూడా ఆ పోలికకి దొరక్కుండా ముగించాలని చూస్తాను.

నవల మీద మాట్లాడమన్నారు గాని నేను నాటకం ఎంచుకున్నాను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం. పూర్తి పాఠం ఒక్క రాత్రిలో ఆడి ముగించడం కష్టం కనుక మనలో చాలామంది దాన్ని నవల చదివినట్టే చదివారు. కొందరు 1955లో వచ్చిన సినిమాలో రామారావుగారి గిరీశాన్ని, సావిత్రిగారి మధురవాణిని చూసివుంటారు. 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరగరాశారు. మన తాతముత్తాతల్లో చాలామంది ఆ విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెల్లోంచే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనులకి ఈ వైపు వచ్చారు. అంచేత అందులో భాష మనకి పరాయిది కాదు. పైగా అందులో సారా దుకాణం దగ్గర కబుర్లు చెప్పే ఒక హవల్దారు కూడా ఉన్నాడు. మన డిపార్టుమెంటు మనిషే!

ముందు పేర్లు చూద్దాం. అగ్నిహోత్రావధాన్లు. హోమగుండంలో ఉండవలసిన అగ్ని ఆయనకి ముక్కు మీద ఉంటుంది. లుబ్ధావధాన్లు, అంటే పిసినారి అవధాని. సౌజన్యారావు పంతులు, పేరులోనే మంచితనం. మధురవాణి, తీయగా మాట్లాడేది. ఇక కరటకశాస్త్రి. చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవాళ్లకి వెంటనే తెలుస్తుంది, మిత్రభేదంలో కరటకుడు, దమనకుడు అని రెండు నక్కలు. ఆ నక్క పేరు పెట్టుకున్న మనిషి ఈ కథలో నక్క పని చేస్తాడు, నిజమే. శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెడతాడు. ఎందుకు? చిన్నపిల్ల అయిన మేనకోడలు సుబ్బిని ఆ ముసలాయనకి అమ్మెయ్యకుండా ఆపడానికి. జిత్తులు నక్కవి, గుండె మేనమామది. పేరు చూసి సగమే తెలుస్తుంది, తక్కిన సగానికి వాడేం చేశాడో చూడాలి.

ఇప్పుడు గిరీశం. ఈయన నోరు విప్పితే పోలికే. శిష్యుడు వెంకటేశాన్ని పేరు పెట్టి పిలవడు, షేక్స్పియర్ అంటాడు. పరీక్ష తప్పిన కుర్రాణ్ణి అంత మాట అంటే వాడికి ఎలా ఉంటుంది? ఉబ్బిపోతాడు. ఉబ్బినవాడి ఇంటికి శలవులకి అతిథిగా వెళ్లొచ్చు, అక్కడ భోజనానికి లోటుండదు. ఊళ్లో పూటకూళ్లమ్మ డబ్బు వాడేసుకుని ఎటు పోవాలా అని చూస్తున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? షేక్స్పియర్ అన్న బిరుదు ఖరీదు అదీ.

చుట్ట కాలుస్తాడు. కాలిస్తే కాల్చాడు, దానికో పద్యం. పొగాకు అమృతపు చుక్కట, గరుత్మంతుడు తెస్తుంటే భూమ్మీద పడి మొలిచిందట, తాగనివాడు వచ్చే జన్మలో దున్నపోతట. తన అలవాటుని అమృతం చేశాడు, అలవాటు లేనివాణ్ణి దున్నపోతు చేశాడు. మనవాళ్లలోనూ ఇలాంటి వాళ్లని చూశాం కదా! క్యాంటీన్ కోటా ఎక్కువ వాడేవాడు దాన్ని మందు అంటాడు.

అగ్నిహోత్రావధాన్లుగారు కోర్టు వ్యవహారాలు గొప్పగా చెప్పుకుంటుంటే గిరీశం ప్రతిదానికీ బాగుంది బాగుందంటాడు. ఇలా అనడమే రాజకీయంలో మహాస్త్రమని కుర్రాడికి బోధిస్తాడు. అస్త్రం అన్న మాట దగ్గర సైనికుడు ఆగాలి. మనకి ఆయుధం అంటే ఏమిటి? రోజూ తుడిచేది, నంబరు గుర్తున్నది, రాత్రి పక్కలో పెట్టుకుని పడుకునేది, పోతే కోర్టు మార్షల్ అయ్యేది. గిరీశం అస్త్రానికి బరువు లేదు, లెక్క లేదు, తుడిచే పని లేదు. ముఖస్తుతి! అస్త్రమని ముఖస్తుతికి పేరు పెట్టుకున్నవాడు ఏ యుద్ధం చేస్తాడో చెప్పక్కర్లేదు.

ఆఖరి ఘట్టం అందరికీ తెలిసిందే. మధురవాణితో అతగాడి పాత సంబంధం సౌజన్యారావుగారికి తెలిసిపోతుంది. బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు, గిరీశాన్ని వెళ్లి చదువుకొమ్మనడం జరుగుతాయి. అప్పుడు గిరీశం అనే చివరి మాటని మనం పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో, ఎక్కడ పని చెడినా వాడుతుంటాం. తన కథ అడ్డం తిరిగిందంటాడు. గమనించండి, తను చెడు చేశానని అనలేదు, ఆ అమ్మాయి ఏమవుతుందని అడగలేదు. అతనికి జీవితం ఒక కథ, తను చెప్పేవాడు, తక్కినవాళ్లు పాత్రలు. కథ తను అనుకున్నట్టు నడవలేదని చిరాకు పడ్డాడు. మనిషి లోపలంతా ఆ ఒక్క పోలికలో బయటపడింది. మనం నవ్వుతాం, నవ్వినందుకు నాకేం బాధ లేదు. కాని ఒక్కసారి ఆ మాట బుచ్చమ్మ పక్కన నిలబడి వినండి.

గిరీశం మాటలు గాల్లో తేలేవి. అవధాన్లు ఇద్దరి మాటలూ నేల మీదవే, బజారు నేల మీదవి. పిల్ల పెళ్లి అంటే వాళ్లకి బేరం. ఇంతకి ఒప్పుకున్నాం, ఇంత తగ్గించారు, తాంబూలాలు అయిపోయాయి కనుక ఇక మాట తిరగదు. సంతలో గిత్తల్ని కొనేటప్పుడు వినిపించే మాటలే. ఇది గురజాడగారు నవ్వించడానికి కల్పించిన పోలిక అనుకునేరు. ఆయన తన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా రాయిస్తే 1,034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

ఆ జాబితా చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, కొన్ని పోలికలు ముదిరితే పోలికలుగా ఉండవు. పిల్లని పశువులా అమ్మడం అన్నామంటే 'లా' ఇంకా ఉంది, అంటే సిగ్గు కొంచెం మిగిలుంది. ఆ 'లా' కూడా రాలిపోయిన రోజున ఏడాది పిల్లకి రేటు కడతారు. అవధాన్లు రాక్షసులు కారు. వేదం చదువుకున్న సంసారులు. పెళ్లిని బేరమనడం అలవాటైన నోటికి ఎదురుగా నిలబడిన పిల్ల కనపడలేదు, అంతే. ఇంట్లో బుచ్చమ్మ అప్పటికే వితంతువుగా కూర్చుని ఉన్నా రెండో పిల్లకి ముసలి సంబంధమే కుదిర్చారంటే ఆ అలవాటు బలం చూడండి.

సౌజన్యారావుగారి సంగతి వేరు. చాలా మంచివారు, న్యాయం కోసం నిలబడే వకీలు. కాని సాని అన్న మాట వింటే ఆయనకి పట్టింపు, అలాంటివాళ్లని చూడనైనా చూడరు. అందుకే మధురవాణి మగవేషంలో వెళ్లవలసి వచ్చింది. ఆ రాత్రి మాటల్లో ఆ వచ్చినావిడ తెలివి, దయ ఆయనకి తెలుస్తాయి. చివరికి ఆమె చేతిలో భగవద్గీత పెడతారు. ఊరు ఆమెకి తగిలించిన పేరు అలాగే ఉంది గాని ఆయన చూపు ఆ పేరు దాటి వెళ్లింది. మంచివాడికి కూడా ఒక్కోసారి పేరే అడ్డం నిలబడుతుంది, ఇది నాకు ఈ నాటకంలో అన్నిటికంటే నచ్చిన పాఠం.

పేరు తగిలించడం మనకి కొత్త కాదు. బ్యారక్‌లో దక్షిణాదివాళ్లం అందరం 'మద్రాసీ'లమే. ఈ బెంగాల్‌లో ఇంకో పాత మాట ఉండేది. 18వ శతాబ్దంలో కంపెనీవాళ్లు తెల్లవాళ్ల పద్ధతిలో కవాతు నేర్పిన సిపాయిల్ని మద్రాసు వైపు నుంచి ఇక్కడికి తీసుకొచ్చారు. తెలుగు దేశం నుంచి వచ్చారని వాళ్లని తెలంగాలు, తిలంగాలు అన్నారు. తరవాత అవధ్ వాడైనా, బీహారు వాడైనా ఆ ఎర్ర కోటు తొడిగితే తిలంగాయే! 1857లో ఢిల్లీ జనం కూడా సిపాయిల్ని ఆ పేరుతోనే పిలిచారు. ఒక జాతి పేరు సిపాయి అన్న అర్థానికి వాడుక అయిపోయింది. కనుక మనం ఈ నేలకి రైలు కూలీలుగా మాత్రమే వచ్చామనుకునే పిల్లలకి ఈ సంగతి చెప్పండి.

ఇదంతా సైనికుడికి ఎందుకయ్యా అని మీరు అడగొచ్చు. చెప్తాను.

జేసీవో పని ఏమిటి? ఆఫీసరు ఆజ్ఞ కింది దాకా చేరడం, కిందివాడి కష్టం పై దాకా చేరడం. మొదటిది కాగితం మీద వస్తుంది. రెండోది కాగితం మీద రాదు. మన జవాను కష్టం ఉందని చెప్పడు. "సబ్ ఠీక్ హై సాబ్" అంటాడు. ఇంట్లో పిడుగు పడినా అదే మాట. అలాంటివాడి నోట్లోంచి నిజం ఎప్పుడైనా జారితే అది పోలిక రూపంలోనే జారుతుంది, అదీ నవ్వులాటకి.

ఒక చలికాలం ఉత్తరాన మంచు పోస్టులో ఉన్నాం. మా దగ్గర మన వైపు కుర్రాడొకడు ఉండేవాడు, పేరు అక్కర్లేదు. పనిలో వంక లేదు. ఒక సాయంత్రం స్టవ్ చుట్టూ కూర్చుని అందరూ ఇంటి కబుర్లు చెప్పుకుంటున్నారు. వీడి వంతు వచ్చింది. "నాదేముందండి సాబ్, పార్సిల్ ఆఫీసులో ఎవలూ విడిపించుకోని మూటలాంటోణ్ణి. అడ్రసు కూడా సెరిగిపోనాది" అన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

నేను ఖరగ్‌పూర్‌లో పెరిగినవాణ్ణి. ఆ మూటలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. స్టేషన్లో ఒక మూల, తాడు సడలి, దుమ్ము పట్టి, దాటుకుంటూ పోయేవాళ్ల కాళ్లు తగులుతూ ఉంటాయి. ఒకడు తనని దానితో పోల్చుకున్నాడంటే అది హాస్యం కాదు. ఆ రాత్రి రెండు మగ్గుల టీ పట్టుకుని వాడి దగ్గరకి వెళ్లాను. నీకేం కష్టమని అడగలేదు, అడిగితే ఠీక్ హై అంటాడు. "ఏరా తమ్ముడూ, ఆ మూట ఎవరు విడిపించుకోవాలి?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మొత్తం చెప్పాడు. తండ్రి పోయాక అన్నదమ్ములు వీడు లేకుండానే పొలం పంచుకున్నారు. భార్య పుట్టింట్లో ఉంది, ఫోను ఎత్తడం మానేసింది. రెండు నెలలుగా వాడికి ఎవరి దగ్గరనుంచీ ఒక్క కబురు లేదు. రాత్రి సెంట్రీ డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు రకరకాల ఆలోచనలొస్తున్నాయని కూడా చెప్పాడు. ఏ ఆలోచనలో మీకు వేరే చెప్పక్కర్లేదు.

తెల్లారేసరికి కంపెనీ కమాండరు సాబ్‌కి విషయం చేరింది. ఆయన వెంటనే రాత్రి డ్యూటీ మార్పించారు, పక్కన ఒకణ్ణి తోడు పెట్టారు, దారి తెరుచుకోగానే మొదటి శలవు వాడికే ఇచ్చారు. ఊళ్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. సంసారం నిలబడింది. ఇప్పుడు వాడు పిల్లల్ని బడికి దింపుతూ ఫోటోలు పంపిస్తుంటాడు. నేను పెద్ద పని చేశానని చెప్పడం లేదు, అది నా డ్యూటీ. కాని పోలిక దగ్గర ఆగి వినడం నాకు డ్రిల్ స్క్వేర్లో రాలేదు. గిరీశం మాటలకి నవ్వి, నవ్వాక వెనక్కి తిరిగి మళ్లీ చదివిన అలవాటు వల్ల వచ్చింది.

ఇక్కడ కూర్చున్న సర్వీసులో ఉన్న సోదరులకి నా విన్నపం ఇదే. మీ కింద పనిచేసే కుర్రాడు తనని దేనితో పోల్చుకుంటున్నాడో వినండి. పాత టైరు అన్నా, తుప్పు పట్టిన బోల్టు అన్నా, మూట అన్నా నవ్వి వదిలెయ్యకండి. ఇంట్లో ఆడవాళ్ల మాటలూ అలాగే వినండి. మా వదినొకావిడ తనని ఇంటి కాపలా తాళంకప్ప అనుకునేది. అన్నయ్య పదేళ్లు సరిహద్దులో ఉన్నాడు మరి.

చివరగా రిటైరైన నా తోటివారికి ఒక మాట. మొన్నామధ్య మనలో ఒకాయన అన్నారు, "మనదేముందండీ, పేలిపోయిన ఖాళీ ఖోకాలం" అని. పిల్లలకి తెలియకపోవచ్చు, తూటా పేలాక మిగిలే ఇత్తడి డొల్లని ఖోకా అంటాం. ఆయన బాధ నాకు తెలుసు. యూనిఫాం విప్పాక గేటు దగ్గర సెల్యూట్ ఉండదు, బ్యాంకులో లైన్లో నిలబడాలి. కాని ఆయన తెచ్చిన పోలికే ఆయనకి జవాబు చెప్తుంది. ఫైరింగ్ రేంజిలో సాయంత్రం మనం ఏం చేసేవాళ్లం? గడ్డిలో వంగి వెతికేవాళ్లం. ఒక్క ఖోకా తగ్గినా కంపెనీ అంతా కదిలేది కాదు. టార్చిలైట్లు వేసి, మోకాళ్ల మీద పాకి, దొరికిందాకా వెతికి, లెక్క సరిచూసి స్టోర్‌కి అప్పజెప్పేవాళ్లం. ఖాళీదే, అయినా లెక్కలోదే. మన సంఘం చేయవలసిన పని కూడా అదే అనుకుంటాను. నెలనెలా మీటింగుకి రానివాడు ఎవడో చూసుకోవడం, మథురాకాటీలో ఉన్నా, నీమ్‌పురాలో ఉన్నా, ఊరికి తిరిగి వెళ్లిపోయినా, వెళ్లి తలుపు తట్టడం.

ప్లాట్‌ఫారం చివరికొచ్చాను.  జై హింద్.